కామ్ గేరు తిప్పే ముందు టర్బైన్ ముందరి పీడనం చూడండి

టర్బో ఇంజినుకు కొత్త కామ్‌షాఫ్ట్‌లు (వాల్వులను తెరిచి మూసే షాఫ్టులు), వాటితోపాటు వాల్వులు తెరుచుకునే సమయాన్ని ముందుకూ వెనక్కూ జరపడానికి వీలున్న కామ్ గేర్లు వేయించుకున్నవారు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ఇన్‌టేక్ ఎన్ని డిగ్రీలు పెట్టాలి, ఎగ్జాస్ట్ ఎన్ని డిగ్రీలు పెట్టాలి? ఇక్కడ టెక్సాస్‌లో ఎమ్మెస్ ముగించి, ఉద్యోగంలో చేరిన కొద్దికాలానికే పాత మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ కొనుక్కున్న మన తెలుగు కుర్రాళ్ళు కొందరు నాకు పరిచయం. వాళ్ళలో ఒకతను ఆ మధ్య ఫోన్ చేసి, "అన్నా, నా ఫ్రెండ్ కారులో ఎగ్జాస్ట్ మైనస్ మూడు పెట్టారట, నేనూ అదే పెట్టించుకోనా?" అన్నాడు. (మైనస్ అంటే కామ్‌ను వెనక్కి జరపడం, అంటే రిటార్డ్; ముందుకు జరిపితే అడ్వాన్స్.) "పూర్తి బూస్టులో, 7000 ఆర్‌పీఎం దగ్గర, టర్బైన్‌కు ముందు పీడనం ఎంతుందో చూశావా?" అని నేను అడిగాను. బూస్ట్ అంటే టర్బో ఇంజినులోకి నెట్టే గాలి పీడనం; టర్బైన్ అంటే ఎగ్జాస్ట్ వాయువుతో తిరిగే టర్బో చక్రం. అతను చూడలేదు. ఇందులో అతన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. బూస్ట్ గేజి లేని మోడిఫైడ్ టర్బో కారు నాకెప్పుడూ కనబడదు గాని, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డు (సిలిండర్ల నుంచి వాయువును టర్బోకు చేర్చే గొట్టాల కూర్పు) లోపలి పీడనాన్ని కొలిచే ఏర్పాటున్న కారు బహు అరుదు. ఈ రెండో అంకె లేకుండా కామ్ టైమింగ్ గురించి మాట్లాడుకోవడం చాలావరకు కాలక్షేపమేనని నా అభిప్రాయం. ఆ అభిప్రాయానికి కారణాలను ఇక్కడ కాస్త వివరంగా రాస్తాను.

ఉదాహరణకు నేను తీసుకుంటున్నది నాకు బాగా అలవాటైన ఇంజిను, ఎవల్యూషన్ 8లోని 4జీ63. బోరు 85 మిల్లీమీటర్లు, స్ట్రోకు 88 మిల్లీమీటర్లు, మొత్తం 1997 సీసీ. రెండు ఓవర్‌హెడ్ కామ్‌లు, పదహారు వాల్వులు, వాటిని తిప్పే టైమింగ్ బెల్టు. ఈ కారు 2003లో అమెరికా విపణిలోకి వచ్చింది. దీని తరువాత 2005లో వచ్చిన ఎవల్యూషన్ 9లో ఇన్‌టేక్ కామ్‌కు మాత్రం మైవెక్ అనే వేరియబుల్ టైమింగ్ ఏర్పాటు చేశారు. ఆపై ఎవల్యూషన్ 10లో అల్యూమినియం బ్లాకు, టైమింగ్ చైను గల 4బీ11 ఇంజినును తెచ్చి, రెండు కామ్‌లకూ ఆ సౌకర్యం కల్పించారు. ఎవల్యూషన్ 8లో అటువంటిదేమీ లేదు. గేరు మీద ఏ గీత దగ్గర బోల్టు బిగిస్తే, ఐడిల్ నుంచి రెడ్‌లైను వరకు అదే టైమింగు. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి ఇంజిను లేదంటాను, ఎందుకంటే మనం చేసిన మార్పు ఫలితం ఏ కంప్యూటరు జోక్యమూ లేకుండా నేరుగా డైనో (ఇంజిను శక్తిని కొలిచే యంత్రం) గ్రాఫులో కనిపిస్తుంది.

మొదట లెక్క చూద్దాం. 272 డిగ్రీల డ్యూరేషను (వాల్వు తెరిచి ఉండే వ్యవధి) గల ఒక జత కామ్‌లు ఉన్నాయనుకోండి. ఇన్‌టేక్ లోబ్ (వాల్వును నెట్టే కామ్ ఉబ్బు) మధ్యబిందువు టీడీసీ (పిస్టను అన్నిటికంటే పైన ఉండే స్థానం) తరువాత 110 డిగ్రీల దగ్గర ఉంటే, ఆ వాల్వు టీడీసీకి 26 డిగ్రీల ముందు తెరుచుకొని, బీడీసీ (పిస్టను అన్నిటికంటే కింద ఉండే స్థానం) దాటిన 66 డిగ్రీలకు మూసుకుంటుంది. ఎగ్జాస్ట్ లోబ్ మధ్యబిందువు టీడీసీకి 114 డిగ్రీల ముందు ఉంటే, ఆ వాల్వు బీడీసీకి 70 డిగ్రీల ముందే తెరుచుకొని, టీడీసీ దాటిన 22 డిగ్రీలకు మూసుకుంటుంది. అంటే 26, 22 కలిపి 48 డిగ్రీల పాటు రెండు వాల్వులూ ఎంతో కొంత తెరిచే ఉంటాయి. దీన్నే ఓవర్‌లాప్ అంటాం. ఈ డిగ్రీలన్నీ క్రాంకు (పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్టు) డిగ్రీలు. కామ్‌షాఫ్ట్ క్రాంకు వేగంలో సగం వేగంతోనే తిరుగుతుంది గనుక, గేరు మీద చెక్కిన గీతలు కామ్ డిగ్రీలైతే ఒక్క గీత జరిపినా క్రాంకు లెక్కలో రెండు డిగ్రీలు జరిపినట్టే. కొందరు తయారీదారులు గేరు మీద క్రాంకు డిగ్రీలు, మరికొందరు కామ్ డిగ్రీలు చెక్కుతారు. అందువల్ల "మైనస్ మూడు" అనే మాటకు ఒక కారులో ఉన్న అర్థం మరో కారులో ఉండకపోవచ్చు. డ్యూరేషన్ విషయంలోనూ ఇదే చిక్కు ఉంది. ఎంత లిఫ్టు (వాల్వు తెరుచుకున్న ఎత్తు) దగ్గర నుంచి లెక్క మొదలుపెట్టాలనేది తయారీదారుడి ఇష్టం కాబట్టి, రెండు కంపెనీల 272లు ఒకటే అయి ఉండాలన్న నియమం లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఓవర్‌లాప్ సమయాన్ని మొదటి ఆట వదులుతున్న సినిమా హాలు గేటుతో పోల్చుకోవచ్చు: లోపలివాళ్ళు ఇంకా బయటికి వస్తూనే ఉంటారు, రెండో ఆటవాళ్ళు అప్పుడే లోపలికి తోసుకొస్తుంటారు, ఏ వైపు జనం ఒత్తిడి ఎక్కువుంటే గేటు ఆ వైపుది అవుతుంది. ఇంజినులో ఆ ఒత్తిళ్ళు రెండు: ఇన్‌టేక్ మ్యానిఫోల్డులోని బూస్ట్ పీడనం, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డులో టర్బైన్ సృష్టించే ఎదురు పీడనం. టర్బో లేని ఇంజినులో చక్కటి హెడర్లు (ఎగ్జాస్ట్ గొట్టాలు) ఉంటే, సరైన ఆర్‌పీఎం దగ్గర ఎగ్జాస్ట్ తరంగాలు సిలిండరులో మిగిలిన కాలిన వాయువును లాగేస్తాయి. అక్కడ ఓవర్‌లాప్ పెంచితే లాభం ఉంటుంది. టర్బో ఇంజినులో మాత్రం మధ్యలో టర్బైన్ అడ్డుగా కూర్చుంటుంది. చిన్న టర్బైన్ హౌసింగు ఉన్న కారులో 1.5 బార్ బూస్ట్ నడుస్తుండగా, పై ఆర్‌పీఎంలో టర్బైన్ ముందు 3 బార్ పీడనం ఉండడం వింతేమీ కాదు. రెండు వాల్వులూ తెరిచి ఉన్న ఆ కొద్ది క్షణంలో వాయువు ఎటు ప్రవహిస్తుంది? ఎగ్జాస్ట్ నుంచి సిలిండరులోకి, అక్కడి నుంచి ఇన్‌టేక్ పోర్టులోకి. ఆ తరువాత పిస్టను కిందికి దిగేటప్పుడు అదే వేడి, కాలిన వాయువు మళ్ళీ సిలిండరులోకి వస్తుంది. కొత్త గాలికి చోటు తగ్గుతుంది, మిశ్రమం వేడెక్కుతుంది, నాక్ (మిశ్రమం తనంతట తానే అంటుకోవడం) వచ్చే అవకాశం పెరుగుతుంది, దాన్ని తప్పించడానికి ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి తీయవలసి వస్తుంది. ఇటువంటి కారులో ఓవర్‌లాప్ పెంచితే గ్రాఫు పైభాగం కుంగిపోతుంది. అదే కామ్‌లను పెద్ద టర్బైన్, స్వేచ్ఛగా వదిలే డౌన్‌పైపు (టర్బో నుంచి బయటికి పోయే గొట్టం) ఉన్న కారులో, ఎదురు పీడనం బూస్టుకు దాదాపు సమానంగా ఉండే చోట వేస్తే, మరికొన్ని డిగ్రీల ఓవర్‌లాప్‌కు ఇంజిను ఊపిరి పీల్చుకున్నట్టు స్పందిస్తుంది. స్నేహితుడి కారు మైనస్ మూడు మన కారుకు పనికి రాకపోవడానికి ఇదే మూలకారణం.

ఇక్కడ ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డు నిర్మాణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 4జీ63 ఫైరింగ్ వరుస 1-3-4-2. ఒకటో సిలిండరు ఓవర్‌లాప్‌లో ఉన్న సరిగ్గా ఆ సమయానికే మూడో సిలిండరు ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకొని, కాలిన వాయువును అత్యధిక పీడనంతో మ్యానిఫోల్డులోకి వదులుతుంది. నాలుగు రన్నర్లూ ఒకే చోట కలిసే మ్యానిఫోల్డు అయితే, ఆ దెబ్బ నేరుగా ఇంకా మూతపడని ఒకటో సిలిండరు ఎగ్జాస్ట్ వాల్వు మీద పడుతుంది. అందుకే ఎవల్యూషన్ 8లో కంపెనీ వాళ్ళు ట్విన్ స్క్రోల్ టర్బో వాడి, 1, 4 సిలిండర్లను ఒక దారిలో, 2, 3 సిలిండర్లను మరో దారిలో టర్బైన్ చక్రం దాకా విడిగా తీసుకువెళ్ళారు. దీనివల్ల ఒకే దారిలోని రెండు సిలిండర్ల మధ్య 360 డిగ్రీల ఎడం వస్తుంది. గేజిలో కనిపించే సగటు పీడనం సమానంగా ఉన్నా, ట్విన్ స్క్రోల్ కారు భరించగల ఓవర్‌లాప్‌ను సింగిల్ స్క్రోల్ కారు భరించలేకపోవడానికి కారణం ఇదే. ట్విన్ స్క్రోల్ తీసేసి సింగిల్ స్క్రోల్ పెద్ద టర్బో వేయించుకొని, పాత కామ్ సెట్టింగునే ఉంచేసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఎదురు పీడనం కొలవడం ఖరీదైన పనేమీ కాదు. మ్యానిఫోల్డు కలెక్టరు దగ్గర, టర్బో ఫ్లాంజికి కాస్త ముందు, ఒక చిన్న రంధ్రం వేసి, మర చెక్కి, స్టీలు ఫిట్టింగు బిగించాలి. దాని నుంచి మూరెడు పైచిలుకు స్టీలు లేదా రాగి సన్న గొట్టాన్ని రెండు మూడు చుట్లు చుట్టి పైకి తీసుకువెళ్ళి, చివర సిలికాన్ హోసుతో 7 బార్ వరకు చదవగల ప్రెషర్ సెన్సరుకు కలపాలి. గొట్టం అంత పొడవు ఎందుకంటే, వాయువు సెన్సరును చేరేలోపు దాని వేడి తగ్గాలి. సెన్సరును రంధ్రం కంటే ఎత్తులోనే పెట్టాలి. లేకపోతే ఎగ్జాస్ట్ వాయువులోని నీటి ఆవిరి చల్లబడి, నీరై, గొట్టంలో నిలిచిపోయి రీడింగు తప్పుతుంది. రంధ్రం వేసేటప్పుడు పడే ఇనుప రజను టర్బైన్‌లోకి పోకుండా మ్యానిఫోల్డును విప్పి బయటపెట్టి పని చేయించుకోవడం క్షేమం. సెన్సరు రీడింగును బూస్టుతో పాటు ఒకే లాగులో (డేటా రికార్డులో) నమోదు చేస్తే, ఏ ఆర్‌పీఎం దగ్గర రెండు గీతలు విడిపోతున్నాయో కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది. సాధారణంగా టర్బో స్పూల్ అయిన (వేగం అందుకొని బూస్ట్ ఇవ్వడం మొదలుపెట్టిన) కొత్తలో రెండూ దగ్గరగా ఉండి, ఆర్‌పీఎం పెరిగేకొద్దీ ఎగ్జాస్ట్ గీత పైకి ఎగబాకుతుంది. ఆ విడిపోయే చోటు నుంచి పైన మనకు ఓవర్‌లాప్ శత్రువు. దానికి కింద పెద్దగా హాని చేయదు, కొన్నిసార్లు మేలే చేస్తుంది.

పీడనం తెలిసిన తరువాత రెండో పని, గేరు మీద సున్నా గీత నిజంగా సున్నాయేనా అని తేల్చుకోవడం. ఇంజిను ఒకసారి విప్పి కట్టినదైతే, హెడ్డును గాని బ్లాకును గాని మిషను మీద చదును చేయించే ఉంటారు. హెడ్డు ఎంత కిందికి దిగితే, బెల్టు బిగువు వైపు అంత పొడవు మిగిలి, కామ్‌లు అంత వెనకబడతాయి. 5, 6 సెంటీమీటర్ల వ్యాసార్ధం గల గేరు మీద పావు మిల్లీమీటరు తేడా వస్తే, క్రాంకు లెక్కలో సుమారు అర డిగ్రీ రిటార్డు. హెడ్డు, బ్లాకు రెండూ చదును చేయించి, కామ్ తయారీలోని చిన్న తేడాలు కూడా తోడైతే, మనం సున్నా అనుకున్నది మైనస్ రెండు అయి కూర్చోవచ్చు.

దీనికి డిగ్రీ వీలు (క్రాంకుకు బిగించే, డిగ్రీలు గీసిన చక్రం), పిస్టన్ స్టాపరు, డయల్ గేజి కావాలి. స్పార్క్ ప్లగ్ రంధ్రంలో స్టాపరు బిగించి, క్రాంకును చేత్తో, మెల్లగా, ఒకవైపు తిప్పితే పిస్టను దానికి తగిలి ఆగుతుంది; వీలు మీద అంకె రాసుకోవాలి. తిరిగి రెండో వైపు తిప్పి మళ్ళీ రాసుకోవాలి. ఒకవైపు 38, మరోవైపు 42 వచ్చిందంటే, వీలును రెండు డిగ్రీలు జరిపి రెండు వైపులా 40 వచ్చేలా చేస్తే సున్నా దగ్గర నిజమైన టీడీసీ ఉన్నట్టు. స్టాపరును తీసేసి, డయల్ గేజి ముల్లును వాల్వు స్ప్రింగు రిటైనరు మీద ఆనించి, క్రాంకును ఇంజిను తిరిగే దిశలోనే తిప్పాలి. చాలామంది ఇక్కడ గరిష్ఠ లిఫ్టు ఎక్కడుందో వెతుకుతారు; కాని లోబ్ శిఖరం దగ్గర ముల్లు కొన్ని డిగ్రీల పాటు కదలకుండా నిలబడుతుంది గనుక అది కచ్చితమైన పద్ధతి కాదు. వాల్వు తెరుచుకుంటూ 1 మిల్లీమీటరు లిఫ్టు చూపిన చోట ఒక అంకె, మూసుకుంటూ మళ్ళీ 1 మిల్లీమీటరు చూపిన చోట ఒక అంకె రాసుకొని, వాటి మధ్యబిందువు తీసుకోవాలి. టీడీసీకి 5 డిగ్రీల ముందు, టీడీసీ తరువాత 225 డిగ్రీలు అని వస్తే, సగం 110. అదే లోబ్ మధ్యబిందువు. 4జీ63లో మరొక చికాకు హైడ్రాలిక్ లాష్ అడ్జస్టర్లతో (నూనె పీడనంతో వాల్వు సందును సర్దే భాగాలతో). కదలకుండా ఉన్న ఇంజినులో, గట్టి స్ప్రింగుల ఒత్తిడికి అవి మెల్లగా కుంగి, లిఫ్టు రీడింగును మింగేస్తాయి. కొలిచే వాల్వుకు మటుకు ఒక ఘనమైన డమ్మీ పెట్టుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

ఇది ఇంటర్‌ఫియరెన్స్ ఇంజిను అన్న విషయం ఇక్కడే చెప్పాలి, వాల్వు పిస్టనుకు తగిలితే వంగిపోవడం ఖాయం. ఇన్‌టేక్ కామ్‌ను అడ్వాన్స్ చేస్తే ఇన్‌టేక్ వాల్వుకు, ఎగ్జాస్ట్ కామ్‌ను రిటార్డ్ చేస్తే ఎగ్జాస్ట్ వాల్వుకు పిస్టనుతో ఎడం తగ్గుతుంది. అంటే ఓవర్‌లాప్ పెంచే రెండు మార్గాలూ ప్రమాదం వైపే నడుస్తాయి. ఇన్‌టేక్ వైపు 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వైపు 2.5 మిల్లీమీటర్లు కనీసం ఉండాలన్నది పనివాళ్ళందరూ పాటించే నియమం. మనం తిప్పదలచుకున్న చిట్టచివరి డిగ్రీ దగ్గర ఈ ఎడం కొలుచుకున్న తరువాతే డైనో ఎక్కాలి. ఇందులో రాజీ లేదు.

డైనో మీద నా పద్ధతి ఇది. ఒకసారికి ఒక్క కామ్, క్రాంకు లెక్కలో రెండు డిగ్రీలు. అంతకు మించి జరపను. ముందుగా ఎగ్జాస్ట్ కామ్‌తో మొదలుపెడతాను. ఇంటర్‌కూలరు చల్లబడే దాకా ఆగి, ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత ముందటి పరుగుతో సమానమైనప్పుడే మళ్ళీ పరుగు తీయిస్తాను. ఈ ఓపిక లేకపోతే వేడి తెచ్చిన నష్టాన్ని కామ్ ఖాతాలో రాసేస్తాం. గ్రాఫులో హార్స్‌పవరు శిఖరం కంటే, టార్కు గీత మొత్తం ఎటు వాలిందన్నదే నేను చూస్తాను. దానికి పక్కనే బూస్ట్ గీతను తప్పక చూడాలి. కామ్ మార్చాక బూస్ట్ కొద్దిగా తగ్గి, టార్కు మాత్రం అలాగే ఉంటే, నిరాశ పడవలసింది లేదు, నిజానికి సంతోషించాలి. బూస్ట్ అంటే ఇంజిను మింగలేక ఇన్‌టేక్ మ్యానిఫోల్డులో పేరుకుపోయిన గాలి పీడనమే కదా. అదే గాలిని తక్కువ పీడనంతో తీసుకుంటోందంటే ఇంజిను శ్వాస మెరుగైనట్టు.

ఒక్క కామ్‌ను కదిపితే ఒక్క విషయమే మారుతుందనుకోవడం పొరపాటు. ఎగ్జాస్ట్ కామ్‌ను అడ్వాన్స్ చేస్తే ఓవర్‌లాప్ తగ్గడంతోపాటు, ఎగ్జాస్ట్ వాల్వు తొందరగా తెరుచుకుంటుంది. పిస్టనును ఇంకా నెట్టగలిగిన పీడనం కొంత వృథా అవుతుంది, కాని ఆ శక్తి టర్బైన్‌కు చేరి స్పూల్ త్వరగా వస్తుంది. ఇన్‌టేక్ కామ్‌ను అడ్వాన్స్ చేస్తే ఓవర్‌లాప్ పెరగడంతోపాటు వాల్వు తొందరగా మూసుకుంటుంది. పై ఉదాహరణలో నాలుగు క్రాంకు డిగ్రీలు అడ్వాన్స్ చేస్తే 66 డిగ్రీలున్నది 62 అవుతుంది. పిస్టను పైకి వస్తూ గాలిని తిరిగి పోర్టులోకి నెట్టే వ్యవధి తగ్గుతుంది, కింది ఆర్‌పీఎంలో సిలిండరు బాగా నిండుతుంది, కంప్రెషను పెరుగుతుంది, దానితోపాటు నాక్ కూడా దగ్గరపడుతుంది. అందరూ ఓవర్‌లాప్ గురించి గంటల తరబడి వాదించుకుంటారు గాని, నా అనుభవంలో టార్కు గీత ఆకారాన్ని ఎక్కువగా నిర్ణయించేది ఇన్‌టేక్ వాల్వు మూసుకునే ఈ క్షణమే. స్టాక్ సైజు టర్బో ఉన్నప్పుడు నా కారు ఇన్‌టేక్ కొద్దిగా అడ్వాన్స్, ఆ పెరిగిన ఓవర్‌లాప్‌ను రద్దు చేసేలా ఎగ్జాస్ట్ కూడా అడ్వాన్స్ ఉన్నప్పుడు బాగా నడిచింది. పెద్ద టర్బైన్ హౌసింగు వేయించి, ఎదురు పీడనం బాగా దిగివచ్చిన తరువాత, అవే కామ్‌లు ఎగ్జాస్ట్ రిటార్డును కోరాయి. కామ్‌లు అవే, ఇంజినూ అదే, మారింది టర్బైన్ ముందరి పీడనం ఒక్కటే.

సెన్సర్ల మాటను యథాతథంగా నమ్మకూడని సందర్భం ఒకటుంది. బూస్ట్ ఎదురు పీడనాన్ని మించిన చోట ఓవర్‌లాప్ ఎక్కువగా ఉంటే, కొత్త గాలి కొంత సిలిండరులో ఆగకుండా తిన్నగా ఎగ్జాస్టులోకి వెళ్ళిపోతుంది. పోర్టు ఇంజెక్షను (పెట్రోలును ఇన్‌టేక్ పోర్టులో చల్లే) ఇంజిను కాబట్టి దానితో పెట్రోలు కూడా వెళ్ళి, మ్యానిఫోల్డులో కాలి, టర్బైన్ ముందు ఉష్ణోగ్రతను పెంచుతుంది. కాలకుండా మిగిలిన ఆక్సిజనును ఎగ్జాస్టులోని వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సరు చూసి, మిశ్రమం లీన్‌గా (పెట్రోలు తక్కువగా) ఉందని చెబుతుంది. సిలిండరు లోపలి పరిస్థితి అది కాకపోవచ్చు. ఆ అంకెను చూసి పెట్రోలు పోస్తూ పోతే సిలిండరులో మిశ్రమం మరీ రిచ్ అవుతుంది. ఎవల్యూషన్ 8లో గాలిని నేరుగా కొలిచే కార్మన్ వోర్టెక్స్ మీటరు ఉంటుంది గనుక కామ్ మార్పును అది కొంతవరకు తానే సర్దుకుంటుంది. దాన్ని తీసేసి స్పీడ్ డెన్సిటీకి (పీడనం, ఉష్ణోగ్రతలను బట్టి గాలిని అంచనా వేసే పద్ధతికి) మారినవారు మాత్రం కామ్ కదిపిన ప్రతిసారీ వీఈ టేబులును (సిలిండరు ఎంత నిండుతుందో చెప్పే పట్టికను) మళ్ళీ సరిచేసుకోవాలి. ఇగ్నిషనుదీ ఇదే కథ. సిలిండరులో కాలిన వాయువు తగ్గితే మంట వేగంగా వ్యాపిస్తుంది, పాత ఇగ్నిషన్ అడ్వాన్సు ఇప్పుడు ఎక్కువైపోతుంది. కామ్ మార్చి, ఇగ్నిషన్ మార్చకుండా రెండు గ్రాఫులు పోల్చి తీర్పు చెప్పేవారి మాటను నేను సగమే నమ్ముతాను.

ఇండియాలో ఉన్న పాఠకులకు ఒక మాట. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, తయారీదారు నిర్ధారించిన వివరాలకు విరుద్ధంగా వాహనంలో మార్పులు చేయడాన్ని నిషేధిస్తోంది. ఈ పనులన్నీ ట్రాకు కోసం పెట్టుకున్న కారు మీదే చేసుకోవాలి.

అన్నీ కుదిరాక గేరు బోల్టులను టార్కు రెంచితో బిగించి, గేరు రెండు భాగాల మీదుగా రంగు గీత ఒకటి గీయండి. బోల్టు వదులై గేరు జారితే ఆ గీత విరిగి వెంటనే తెలిసిపోతుంది. క్రాంకును చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులన్నీ మళ్ళీ సరిచూసుకున్నాకే స్టార్టు చేయండి. బ్యాలెన్స్ షాఫ్టులు (కంపనాన్ని తగ్గించే షాఫ్టులు) తీయని ఇంజిను అయితే, ఆయిల్ పంపు గేరు గుర్తు సరిపోయినట్టు కనబడుతూనే లోపలి షాఫ్టు సగం చుట్టు తప్పి ఉండగలదు. బ్లాకు పక్కనున్న ప్లగ్గు విప్పి స్క్రూడ్రైవరు దూర్చి చూడటం మానకండి. డౌన్‌పైపు, టర్బైన్ హౌసింగు, మ్యానిఫోల్డు, వేస్ట్‌గేటు (టర్బైన్‌ను తప్పించి వాయువును వదిలే కవాటం), వీటిలో దేన్ని మార్చినా, కామ్ గేర్ల జోలికి వెళ్ళే ముందు ఎదురు పీడనం లాగును మరొకసారి తీసి, పాత లాగు పక్కన పెట్టి చూడండి.